రోజూ వేసే గోలి

మా అక్కకు ఇరవై ఏండ్ల సంది దమ్ము. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలి వేసుకుంటేనే ఊపిరాడేది. అమీర్‌పేట గల్లీల మా ఇద్దరిదీ ఒకటే కుట్టు దుకాణం. నేను జాకెట్లు కుడితే ఆమె హుక్కులు, కాజాలు చూసేది. గోలీల పని మాత్రం నాదే. గోలీల షీటు తెచ్చుడే ఆలస్యం, కత్తెరతోని గోలికొక ముక్క చేసి, పేరున్న అంచులు పేలికలల్ల పారేసి, ముక్కలన్నీ గుండీల డబ్బాల పోసేదాన్ని. ఒక్క పూట తప్పనియ్యలే. గదే నా గొప్ప!

మొన్న వానాకాలంల అక్క మడమకు పుండైంది. కాలు వాచింది, ఒళ్లు కాలిపోయింది. మెడికల్ షాపాయన ఇచ్చిన జ్వరం గోలి వేసిన. రెండో రోజుకు వాంతులు, చేతులు వణుకుడు. దారం ఎక్కియ్యబోతే సూది జారిపడ్డది. నీరసమనుకున్న. కడుపుల ఏం లేదు గదా అని చిక్కటి చాయ్ తాగిచ్చిన.

మూడో పొద్దున దమ్ము గోలి తీసుకపోతే మొఖం తిప్పుకున్నది.

"వద్దే. గిది వేసుకున్నంక గుండె దడదడ కొట్టుకుంటుంది. లోపల ఏందో అయితుంది."

"ఇరవై ఏండ్లల్ల లేని దడ ఇయ్యాల్నే వచ్చిందా? నోరు తెరువక్కా!" అని గద్దించిన. దమ్ము లేస్తే ఎట్ల అని నా భయం నాది. ఆమె నా దిక్కే చూసుకుంట మింగింది.

పగటి అన్నం యాళ్లకు ఫిట్స్ వచ్చినయ్. ఆటోల ఏసుకొని పంజగుట్ట దిక్కు ఒక దవాఖానకు ఉరికిన. మెట్రో పిల్లర్ల కింద బండ్లు కదుల్తలేవు. సిగ్నల్‌ను, ఆటో ఆయనను, దేవుణ్ణి సుత తిట్టిన.

"రోజూ ఏం మందులు వాడతారు?" అని డాక్టరమ్మ అడిగితే గుండీల డబ్బా ముందు పెట్టిన. ఒక్క ముక్క మీద పేరు లేదు. డాక్టర్ రాసిచ్చిన పాత మందుల చిట్టీ కోసం మళ్ల దుకాణానికి ఉరకాల్సొచ్చింది. గంటకు పైనే పోయింది.

చిట్టీ చూసి ఆమె మెల్లగ చెప్పింది. "పుండులోని బాక్టీరియా విషం రక్తంలో కలిసిందండీ. అలాంటప్పుడు మందును అరగదీసే కాలేయం మందగిస్తుంది. రోజూ వేసే ఆ దమ్ము మాత్ర బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటుంది." వాంతులు, వణుకు, దడ, ఫిట్స్ అన్నీ దాని గుర్తులేనట. ప్రతి పూటా టైముకు వేసింది నేనే.

ఐసీయూల మూడు దినాలుంది. నాలుగో పొద్దున అక్క పోయింది.

"మీ తప్పేం లేదమ్మా, మీకెలా తెలుస్తుంది?" అన్నది డాక్టరమ్మ. నిజమే, నాకు తెల్వదు. కానీ మా అక్కకు తెలిసింది. నోరు తెరిచి చెప్పింది సుత. నేనే గద్దించి మింగిచ్చిన.