చెమట పట్టని మనవడు

పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే బస్సును నడిఎండలో ఒక్క అరుపుతో ఆపినానని ప్రొద్దుటూరులో నా సాటి ముసలోళ్లకు చెప్పుకుంటాంటా. అబద్ధం. ముద్దనూరు దాటినాక ఇంజను చెడిపోయి అదే ఆగింది. నేను అరిచింది ఆ తర్వాత.

నా ఒళ్లో ఐదేళ్ల మనవడు ఉన్నాడు. పుట్టుకతోనే వాని ఒంటికి చెమట పట్టదు. తల్లి వైపు నుంచి శానా అరుదుగా వచ్చే జబ్బని డాక్టరు చెప్పినాడు. తడుపుతా ఉంటేనే వాని ఒళ్లు చల్లబడేది. మా నీళ్లు అయిపోయినాయి. ఒళ్లు పెనం మాదిరి కాలుతాంది, పిల్లోడు కండ్లు తేలేస్తాండాడు.

పక్కసీటు ముసలామెను అడిగితే తన సీసా ఇచ్చింది. వాని నెత్తిన పోయబోతే నా చెయ్యి పట్టుకునింది.

"జ్వరమొచ్చిన బిడ్డకు నీళ్లు పోస్తావా? సన్నిపాతం కొడతాది!" అని సంచిలోని దుప్పటి తీసి కప్పింది.

"ఎండదెబ్బ తాతకే తగిలినట్టుంది" అని వెనక ఒకాయన నవ్వినాడు.

డాక్టరు మాటలన్నీ చెప్పినా. ఒక్కరూ నమ్మలేదు. ఆఖరికి ఏడుస్తా అరిచినా. "ఎండకు బర్రె మడుగులో ఎందుకు పండుకుంటాదమ్మా? చెమట సరిగా పట్టకనే గదా! వీడూ అంతే!"

ఆమె దుప్పటి లాగేసింది. బస్సులోని సీసాలన్నీ మా కాడికొచ్చినాయి.

కొన్ని పోసినాక వాడు కండ్లు తెరిచి, "నేను బర్రెనా తాతా?" అన్నాడు.

"కాదప్పా" అంటా ఇంకో సీసా మూత తీసినా. వాని ఒళ్లు ఇంకా కాలుతానే ఉంది. మమ్మల్ని ఎక్కించుకోవాల్సిన వెనక బస్సు ఇంకా యాడా కనపడలేదు.