మూడడుగులు జరిగిన గీత

ధర్మవరంలో మొన్న ఒక పాత ఇంటి ముందుగోడ పడగొడుతుంటే పక్కన నిలబడ్డాను. పాత సున్నం విరిగితే ఒక వాసన లేస్తుంది, గొంతులో పొడిగా పట్టుకుంటుంది. దగ్గుతూనే ఓబుళేసు సారును తలుచుకున్నాను. రోడ్ల వెడల్పు పనుల్లో నాకు ఈ రోజు నాలుగు ఊళ్ళలో మంచి పేరుందంటే ఆ పుణ్యం ఆయనదే. హిందూపురంలో రెండు గదుల ఆఫీసు ఆయనది. ఇళ్ళకు ప్లాన్లు గీసేవారు, వీధులు కొలిచేవారు. డిప్లొమా చేతపట్టుకుని నేను ఆయన దగ్గర చేరింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో.

అప్పుడే మార్కెట్ వెనక వీధిని నలభై అడుగులకు వెడల్పు చేయాలన్నారు. కొలతల పని సారుకు వచ్చింది, ఆయన నాకు అప్పగించారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను ఒక్క పూటలో వీధంతా కొలిచేశాను. ఉన్న రోడ్డు వెడల్పు కొలిచి, సగం దగ్గర నడిమధ్య గుర్తు పెట్టి, అటు ఇరవై, ఇటు ఇరవై. ఎంతవరకు పోతుందో ఇళ్ళ పక్కగోడల మీద ఎర్రరంగుతో గీతలు కూడా గీయించాను. సారు నన్ను నమ్మి ప్లాను మీద సంతకం పెట్టి మున్సిపాలిటీకి ఇచ్చేశారు. నాకప్పుడు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మూడో రోజు గంగమ్మక్క ఆఫీసుకొచ్చింది. ఆ వీధిలో ఇంటి ముందు గదిలోనే ఇడ్లీలు, ఉగ్గాణి చేసి అమ్ముకుంటూ ఇద్దరు బిడ్డలను సాకుతున్న మనిషి.

"సారూ, ఈ పాప గీసిన గీత నా పొయ్యి మీద పడిండాది. పొయ్యి పోతే నేను యాడ వండేది, బిడ్డలకేం పెట్టేది?"

"రోడ్డు అందరి కోసం కదక్కా" అన్నాను నేను, మహా తెలివిగా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సారు చెప్పులేసుకుని ఆమె వెంట నడిచారు, వెనక నేను. ఆమె ఇంట్లోకి పోకుండా నేరుగా ఎదుటి వరసకు వెళ్ళి, అంగళ్ళ అరుగుల కింద వంగి చూశారు.

"కాలువ యాడుండాదో చూసినావా పాపా?"

చూడలేదు. అసలు రోడ్డుకు అంచైన పాత కాలువ బండలు అరుగుల కింద, ఆరడుగులు లోపలికి ఉన్నాయి. ఆ అంగళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి అరుగులను రోడ్డు మీదికి జరుపుకుంటూ వచ్చారు. నేనేమో మిగిలిన రోడ్డుకు మధ్య కొలిచాను. దాంతో నా నడిమధ్య గంగమ్మక్క వైపు మూడడుగులు జరిగింది. ఆక్రమించినవాళ్ళకు మిగిలింది, బుద్ధిగా ఉన్నవాళ్ళకు పోయింది.

మరునాడు సారు మున్సిపల్ ఆఫీసులో, ఆ అంగళ్ళవాళ్ళ ముందరే, "తప్పు మాదే. నేను సరిచూడకుండా సంతకం పెట్టినా" అని చెప్పి ప్లాను వెనక్కి తీసుకున్నారు. నా పేరెత్తలేదు. అంగళ్ళవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన చేతికి రాబోతున్న పెనుకొండ పని కూడా ఇంకొకరికి పోయింది. "నా వల్లే కదా సార్" అని నేను ఏడిస్తే, "నీ వల్లనే. ఏడ్చింది చాలుగానీ, పోయి ఆ గీత చెరిపేసి రా" అన్నారు. గంగమ్మక్క చూస్తుండగా ఇనప బ్రష్షుతో నేనే గీకాను.

కూల్చే రోజు సారు నన్నూ పిలుచుకెళ్ళారు. కొత్త కొలత ప్రకారం పొయ్యి నిలిచింది. కానీ వీధి గోడ, నలుగురు కూర్చుని తినే చోటు పోయాయి. గంగమ్మక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"సరిచేసినాం కదా సార్, ఇంకా ఎందుకేడుస్తాంది?"

"సరిగ్గా గీసినా ఏడుస్తారు పాపా. అది మనం ఆపలేం. మన తప్పుకు ఇంకొకరు ఏడవకుండా చూసుకోవల్ల."

సారు పోయి ఇన్నేళ్ళయింది. ఇప్పటికీ ఏ గోడ మీదైనా గీత గీయించే ముందు ఆ ఇంటి తలుపు తడతాను. ఎంత పోతుందో నా నోటితోనే చెబుతాను. కొందరు తిడతారు, కొందరు ఏడుస్తారు. వాళ్ళది అయిపోయేదాకా అక్కడే నిలబడతాను.