మూడుసార్లు పిలిచారట

ఆమె బతుకంతా కుట్టుమిషను మీదే గడిచింది. పెళ్ళికి ముందు పుట్టింట్లో, పెళ్ళయ్యాక సందు మొగలో అద్దెకొట్టులో. స్కూలు యూనిఫారాలు, ప్యాంట్ల పొట్టీ పొడుగులు, ఊడిన జిప్పులు. వీధి వీధంతా ఆమెను మిషనక్క అనే పిలుస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. తప్పు ఎదుటివాడిదైనా "అయ్యో, నాదేనేమో" అనుకునే రకం. ఆ గుణమే ఒకసారి ఆమెను నిలువునా ముంచబోయి, చివరికి అదే గట్టెక్కించింది.

కొట్టు ఖాళీ చెయ్యమని ఒక బిల్డరు మనుషుల్ని పంపాడు. కుదరదన్నందుకు, వాళ్ళలో దున్న అని పేరుపడ్డ రౌడీ ఒకడు మిషనక్క మొగుణ్ణి ఇనప రాడ్డుతో కొట్టి కుడికాలు విరగ్గొట్టాడు. పోలీసులు జీపెక్కిస్తున్నా వెనక్కి తిరిగి, "బయటికి రానీ, రెండోది కూడా తీస్తా" అని నవ్వాడు. వాడు అన్నంత పనీ చేస్తాడని అందరికీ తెలుసు.

దున్న బెయిలుకి పెట్టుకున్నాడు. ప్రభుత్వ ప్లీడరు మిషనక్కతో, "బెయిలిచ్చే ముందు కోర్టు నీ మాట కూడా వినాలమ్మా. పిలవగానే లోపలికెళ్ళి, వాడు బెదిరించిన మాట చెప్పు, చాలు" అన్నాడు. అక్కడి పద్ధతేమిటంటే, కేసు వంతు రాగానే బంట్రోతు గుమ్మంలో నిలబడి మనిషిని మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారికీ పలక్కపోతే రాలేదని రాసుకుంటారు. ఆ బంట్రోతు గొంతు మామూలుది కాదు. అందుకే ఆయన అందరికీ గంట బాబాయ్. ఆయన కేకేస్తే రోడ్డవతల టీ తాగుతున్న ప్లీడర్లు కూడా గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొస్తారు.

వాయిదా రోజున మిషనక్క పొద్దుటి నుంచీ కోర్టు వరండాలో బల్ల మీదే కూర్చుంది. మంచినీళ్ళకు కూడా లేవలేదు. సాయంత్రమైనా పిలుపు రాలేదు. వెళ్ళి గుమస్తాని అడిగితే, "మధ్యాహ్నమే అయిపోయిందిగా! మూడుసార్లు పిలిచారు, నువ్వు పలకలేదు. బెయిలిచ్చేశారు" అన్నాడు, ఫైల్లోంచి తలెత్తకుండా.

ఇంకొకరైతే అక్కడే గొడవ పెట్టుకునేవారు. ఈ మహాతల్లి ఏమనుకుందో తెలుసా? యూనిఫారాల ఒత్తిడిలో ముందురోజు నిద్ర లేదు కదా, కూర్చున్నచోటే కునుకు పట్టేసి ఉంటుంది అనుకుంది! ఇంటికొచ్చి మొగుడితో అదే చెప్పింది. కాలికి కట్టుతో మంచాన పడున్న మనిషి, భయంకొద్దీ నోరు పారేసుకున్నాడు.

"నా ప్రాణం కంటే నీకు నిద్రే ఎక్కువైందా?"

ఆమె కూడా అదే అనుకుంటోంది.

మర్నాటి నుంచి దున్న కొట్టు ఎదురుగా బండి ఆపుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పల్లెత్తు మాట అనడు, లోపలికి చూస్తాడు, అంతే. మొగుడు కర్రల మీద గుమ్మం దాకా రావడం కూడా మానేశాడు. బండి చప్పుడైతే చాలు, మిషనక్క కుట్టు వంకర పోయేది.

ఇక ఉండబట్టలేక ఆమె మళ్ళీ కోర్టుకెళ్ళి, వరండా చివర టీ తాగుతున్న గంట బాబాయ్ ముందు నిలబడింది.

"బాబాయ్, తప్పు నాదే. మీరు అంత గొంతు పెట్టి పిలిచినా నిద్రపోయాను, పాపిష్టిదాన్ని. మీ కాళ్ళు పట్టుకుంటా, ఇంకొక్కసారి పిలవరూ? ఈసారి కూర్చోను కూడా కూర్చోను."

ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. "నేను పిలిచానని ఎవరన్నారు తల్లీ?"

"గుమస్తాగారు."

"నా కేకకి నిద్రపోయినవాళ్ళు ఇంతదాకా పుట్టలేదే! ఆ మధ్యాహ్నం జడ్జిగారు తన గదిలోకి దున్న తరఫు ప్లీడర్ని ఒక్కణ్ణే రానిచ్చి తలుపేయించారు. నన్ను బయటే ఉండమన్నారు. నువ్వేమో ఎదురుగా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూతైనా తియ్యకుండా ఈ తలుపుకేసే చూస్తున్నావు. నేను నిన్ను పిలవలేదమ్మా. పిలవమని నాకెవరూ చెప్పలేదు."

మిషనక్క నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా భోరుమంది. "నేను నిద్రపోలేదు, నిద్రపోలేదు" అని అదే మాట. చూశారా ఎంత దుర్మార్గమో! న్యాయం చెప్పాల్సిన పెద్దమనిషి బెయిలు అమ్ముకుని, ఆ పాపం తెచ్చి ఒక కుట్టుపని ఆడదాని నిద్ర మీద రుద్దాడు.

ఆమె చెప్పిందంతా విని ప్రభుత్వ ప్లీడరు విషయం పైకోర్టుకి రాశాడు. విచారణకి ఒక పెద్ద జడ్జి వచ్చాడు. రిటైరయ్యే ముందు నీకెందుకీ తలనొప్పి అని తోటివాళ్ళు గంట బాబాయ్‌ని ఆపబోయారు. గుమస్తా నీళ్ళు నమిలాడు. గంట బాబాయ్ మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. అదే దారిలో మరికొందరు రౌడీలు కూడా బెయిలు కొనుక్కున్నారని తేలింది. బెయిలిచ్చిన జడ్జిని సస్పెండు చేశారు, బెయిలు రద్దయింది, దున్న మళ్ళీ లోపలికెళ్ళాడు.

కబురు తెలియగానే మిషనక్క మొగుణ్ణి తీసుకుని కోర్టుకెళ్ళింది. గుమ్మంలో వేరే బంట్రోతు ఉన్నాడు. గంట బాబాయ్‌ని పాత ఫైళ్ళ గదికి మార్చారట. ఆయన అక్కడ తలకి తువ్వాలు చుట్టుకుని దుమ్ము దులుపుతున్నాడు.

"మీ మేలు ఈ జన్మకి మర్చిపోం బాబాయ్. కానీ నా మూలాన మిమ్మల్నిలా ఓ మూల పడేశారు."

"ఛ, ఊరుకో. ఇన్నేళ్ళూ లోకంలో పేర్లన్నీ అరిచాను. నా మాట ఒక్కటైనా ఎవరన్నా రాసుకున్నారా? ఆ పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, 'మెల్లిగా చెప్పండి, రాసుకుంటాను' అన్నాడు. నువ్వు రాకపోతే నాకా రోజెక్కడిదే పిచ్చితల్లీ!"

మిషనక్క మొగుడు కర్రలు గోడకి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి ఆయనకి దండం పెట్టాడు. అలా నిలబడే పెళ్ళాం వైపు తిరిగాడు.

"నిద్రపోయావన్నాను. నన్ను క్షమించవే."

"పడతారు, ముందు ఇవి పట్టుకోండి" అని ఆమె గబగబా కర్రలు అందించింది. కళ్ళు తుడుచుకుంటూ, "బండి మాట్లాడనా?" అంది.

"వద్దు" అన్నాడతను. "పెద్దరోడ్డు మీంచి నడిచే పోదాం."