శాలువా మడతలో వినతిపత్రం

మా సంఘం ఏ అధికారిని కలవడానికి వెళ్ళినా గదిలోకి ముందు వెళ్ళేది శాలువా. దాని వెనక పూలబొకే, బొకే వెనక అధ్యక్షుడు, ఆయన వెనక ఫొటోలో పడాలని మెడలు సాచే మేము. వినతిపత్రం అనే కాగితం కూడా ఒకటి ఉంటుంది గాని, అది శాలువా అంచుకు అడ్డం రాకుండా పట్టుకోవడం మాకు బాగా అలవాటు. కామారెడ్డిలో మా సోషల్ వర్కర్ల సంఘం అంటే ఇంతే. అందులో ఆరేళ్ళు సంయుక్త కార్యదర్శిగా వెలగబెట్టినదాన్ని నేను. చదువు పూర్తిచేసి ఉద్యోగంలోకి వచ్చిన కొత్త పిల్లల్ని ఏటా వెతికి పట్టుకుని సంఘంలో చేర్పించింది కూడా నేనే. కాబట్టి ఎవరినో తిడుతున్నానని అనుకోవద్దు, తిట్లలో నా వాటా నాకుంది.

మా పని ఏమిటంటే, చూసుకునేవాళ్ళు లేని పిల్లల్ని ఏ ఇంటికి పంపవచ్చో, ఏ ఇంటికి పంపకూడదో వెళ్ళి చూసి నివేదిక రాయడం. అందరమూ కాంట్రాక్టు వాళ్ళమే. మార్చి నెల వచ్చిందంటే ఎవరి పేరు ఉంటుందో, ఎవరిది ఎగిరిపోతుందో తెలియదు. అలాంటివాళ్ళకు అండగా ఉంటుందనే సంఘం పెట్టుకున్నాం. "మీకు ఏ ఆపద వచ్చినా ఎన్కల సంఘం ఉన్నది" అని మా అధ్యక్షుడు ప్రతి సభలోనూ మైకు పట్టుకుని చెప్పేవాడు. ఆయన ఒక పేదింటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఫ్లెక్సీల్లో మాత్రం ఏటికేడు పడుచువాడవుతున్నాడు.

ఎల్లారెడ్డి వైపు ఊళ్ళు చూసే అమ్మాయి ఒకామె ఉండేది. నన్ను అక్కా అనేది. చేరిన కొత్తలో నా వెంట తిప్పుకుని పని నేర్పాను. నేర్పినవాటిలో పనికొచ్చేది ఒక్కటే. "ఏ ఇంటికి పోయినా ముందుగాల మంచినీళ్ళు అడుగు. తాగకున్నా మంచిదే. ఎవల్ని తెమ్మంటరో చూడు. ఆ ఇల్లు ఎసొంటిదో అండ్లనే తెలుస్తది" అని చెప్పాను. ప్రభుత్వం ఇచ్చిన ఫారంలో ఈ ప్రశ్న లేదు. గదులెన్ని, మరుగుదొడ్డి ఉందా లేదా, ఇలాంటివే ఉంటాయి. వాటికి జవాబులు నింపి చాలామంది ఇంటికొచ్చి హాయిగా పడుకుంటారు. ఆమె అలా కాదు, చెప్పిన మాట పట్టుకుంది.

ఆమె వెళ్ళిన ఇల్లు ఎల్లారెడ్డికి కొంచెం ఎడంగా ఉన్న ఊళ్ళో కొత్తగా కట్టిన మేడ. పదకొండేళ్ళ పిల్ల విషయం. తల్లి లేదు. దుబాయి పోయిన తండ్రి నుంచి ఫోన్ కూడా ఆగిపోయింది. సాకుతున్న అవ్వ మంచం పట్టింది. వరసకు బాబాయి అయ్యే ఆ మేడ యజమాని పిల్లను తన ఇంటికి తెచ్చుకుని, ఇక ఎప్పటికీ తన దగ్గరే ఉంచుకుంటానని అర్జీ పెట్టాడు. ఊళ్ళో అందరూ ఎంత మంచి మనసో అన్నారట.

మా అమ్మాయి వెళ్ళి కూర్చుని మంచినీళ్ళు అడిగింది. ఆ పిల్ల ఈడే ఉన్న బాబాయి సొంత కూతుళ్ళు ఇద్దరు సోఫాలో ఫోన్ చూస్తూ ఉన్నారు. ఆయన వాళ్ళ వైపు కనీసం చూడలేదు, వెనక వాకిలి వైపు తిరిగి కేకేశాడు. గిన్నెలు తోముతున్న పిల్ల చేతులు గౌనుకు తుడుచుకుంటూ నీళ్ళు తెచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళు పగిలి ఉన్నాయి. పడుకునేది ఎక్కడని అడిగితే ఎరువు బస్తాలు పేర్చిన గది చూపించింది. బడికి వెళ్ళడం ఎప్పుడో మాన్పించారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆమె నివేదికలో అన్నీ రాసి, చివర ఒకే వాక్యం పెట్టింది: ఈ ఇంటికి పిల్లను పంపవద్దు. పిల్లను తీసుకొచ్చి తాత్కాలికంగా ఎల్లారెడ్డి హాస్టల్లో ఉంచారు.

బాబాయికి పలుకుబడి ఉంది. అసలు ఆమె తన ఇంటికే రాలేదని, ఇంట్లో కూర్చుని రాసిందని ఫిర్యాదు చేశాడు. జిల్లా అధికారి నుంచి ఆమెకు నోటీసు వచ్చింది. వారంలో కామారెడ్డికి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. తప్పయిందని రాసిస్తే ఉద్యోగం ఉంటుంది, నివేదిక రద్దవుతుంది, పిల్ల మళ్ళీ ఆ ఎరువు బస్తాల మధ్యకు వెళ్తుంది. రాసివ్వకపోతే ఈమె ఉద్యోగం పోతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందని నాకనిపించింది. సంఘం ఉన్నది ఇందుకే కదా అని నా వెర్రి.

బస్టాండు దగ్గర హోటల్ పై అంతస్తులో సమావేశం పెట్టాం. అధ్యక్షుడు నోటీసు చదివి మడిచి ఆమెకే ఇచ్చేశాడు.

"ఏందమ్మా, గింత చిన్నదానికి. తప్పయిందని రెండు ముక్కలు రాసియ్యి. కొలువు ఉంటేనే కదా సేవ చేసేది" అన్నాడు.

"తప్పయిందని ఎవలికి రాయాలె సార్? ఆ పిల్లకా?" అని ఆమె అడిగింది.

అంతలో టీ వచ్చింది. ఆమే లేచి అందరికీ గ్లాసులు అందించింది, నేనూ ఒకటి తీసుకున్నాను. టీ తాగాక అధ్యక్షుడికి ఉత్సాహం వచ్చి, "సరే, అందరం కలిసి పోయి సార్‌కు వినతిపత్రం ఇద్దాం" అన్నాడు. చప్పట్లు కొట్టాం. ఏం సాధించామని కొట్టామో ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు చిలకపచ్చ శాలువా కొన్నారు. కాగితం టైపు చేయించుకొచ్చి సంతకాలు పెట్టమంటే గంగిరెద్దుల్లా తలూపి పెట్టేశాం. అధికారి గదిలో పది నిమిషాలున్నాం, అందులో తొమ్మిది ఫొటోకే పోయాయి. తెల్లారి పేపర్లో వచ్చింది, సామాజిక కార్యకర్తలకు అండగా సంఘం అని. అందులో నేను ఎడమ నుంచి మూడోదాన్ని, నవ్వుతూ ఉన్నాను.

ఆమె ఫోన్ చేసి, "అక్కా, నా ముచ్చట ఏం రాసిండ్రు?" అని అడిగింది.

"అంతా రాసినం, నువ్వు రంది పెట్టుకోకు" అన్నాను. నేను ఆ కాగితం చదవలేదు.

ఐదో రోజుకు గాని నాకు బుద్ధి పుట్టలేదు. సార్ చూశాడో లేదో కనుక్కుందామని ఆఫీసుకు వెళ్తే ఆయన టూర్‌లో ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ అటెండర్‌గా చేస్తున్న చాచా ఒక్కడే ఉన్నాడు. మా వినతిపత్రం ఎక్కడుందని అడిగాను.

"ఏ సంఘం బిడ్డా? ఈడ ఉన్నయన్నీ సంఘాలే" అని ఇనుప బీరువా తెరిచాడు.

అర నిండా శాలువాలు. చాచా వాటిని ఎంత పొందికగా మడిచి పెట్టాడంటే బట్టల దుకాణం కూడా దిగదుడుపే. ప్రతి మడతలోంచీ ఒక కాగితం అంచు బయటికి కనిపిస్తోంది.

"శాలువా మీద కాయిదం పెట్టి సార్ చేతుల పెడ్తరు, ఫోటో దిగి పోతరు. సార్ రెండూ కలిపి నాకిస్తడు, నేను మడతపెడ్త. మల్ల అడగనీకి వచ్చినదానివి నువ్వే మొదలు" అన్నాడు చాచా. ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

చిలకపచ్చది వెతికి కాగితం తీసి చదివాను. సంఘ భవనానికి స్థలం కావాలి. సభ్యులకు గుర్తింపు కార్డులు కావాలి. ఉత్తమ సేవకులకు జిల్లా స్థాయిలో అవార్డులు ఇవ్వాలి. వార్షిక సభకు తమరు ముఖ్య అతిథిగా రావాలి. అన్నిటికన్నా కింద, సభ్యుల ఇతర సమస్యలు కూడా పరిష్కరించాలి. ఆమె పేరు లేదు, నోటీసు మాట లేదు, పిల్ల ఊసే లేదు. మూడో సంతకం నాది, కింద గీత కూడా తీర్చి గీశాను. సిగ్గుతో చచ్చిపోయాను. పదకొండేళ్ళ పిల్ల బతుకును ఇతర సమస్యలు అని రాసినవాణ్ణి ఏమనాలో తెలియలేదు, చదవకుండా సంతకం పెట్టినదాన్ని ఏమనాలో మాత్రం బాగా తెలిసింది.

ఆ కాగితం అక్కడే చించి, ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాశాను. విచారణ రోజు అధ్యక్షుడికి బాన్సువాడలో పని పడింది. ఒకరికి జ్వరం, ఒకరికి బంధువులింట్లో తొట్టెల ఫంక్షన్. ఎల్లారెడ్డి బస్సు దిగిన ఆమె నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. "నేనే వచ్చిన, పా" అన్నాను.

అధికారి ఆమెను చూడగానే, "మీ అధ్యక్షుడు ఫోన్ చేసిండు. మాఫీ రాసిస్తవని చెప్పిండు. తెచ్చినవా?" అన్నాడు.

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. మా పెద్దమనిషి అండగా ఉండడం అలా ఉంది.

"రిపోర్టు ఒక్కటే రాసిన సార్. ఇంకోటి రాయ" అన్నది ఆమె.

నేను నా కాగితం ఆయన ముందు పెట్టాను. ఉత్త కాగితం అలవాటు లేక ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడే చదవాల్నా?" అన్నాడు. "చదవాలె సార్, అందుకే వచ్చినం" అన్నాను. చదివాడు. రెండోసారి విచారణకు వేరే మనిషిని పంపాడు. ఆ మనిషికీ ఎరువు బస్తాలే కనిపించాయి. పిల్ల హాస్టల్లోనే ఉండిపోయింది, బడికి వెళ్తోంది.

మార్చిలో వచ్చిన కాంట్రాక్టు జాబితాలో మా అమ్మాయి పేరు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఒక జిరాక్స్ షాపులో చేస్తోంది. ఆదివారం ఆదివారం హాస్టల్‌కు వెళ్ళి పిల్లను చూసొస్తుంది.

ఈ ఏడు వార్షిక సభకు ఆమెను పిలిచి, ధైర్యంగా నిలబడిన మా చెల్లె అంటూ అధ్యక్షుడు సన్మానం పెట్టాడు. నేను రమ్మన్నానని వచ్చింది. మెడలో శాలువా పడింది, ఫొటో అయింది. ముందు వరుసలో ముఖ్య అతిథి దగ్గాడు. హాలులో అంతమందిమి కూర్చుని ఉండగా అధ్యక్షుడు శాలువాతో నిలబడ్డ ఆమె వైపే తిరిగి, "చెల్లె, గా సార్లకు జర నీళ్ళియ్యరాదు" అన్నాడు.

ఆమె శాలువా తీసి, మడిచి, బల్ల మీద పెట్టి దిగివచ్చింది. ఇన్నేళ్ళ సభల్లో టీలు, నీళ్ళు ఎవరు మోశారో ఒక్కటొక్కటే గుర్తొచ్చి నేను తలెత్తలేకపోయాను. నా కుర్చీ దగ్గర ఆగి, "చూసినవ్ కదక్కా. నేర్పింది నువ్వే, ఇగ రాయి" అని ఎల్లారెడ్డి బస్సుకు వెళ్ళిపోయింది.

అక్కడే కూర్చుని రాజీనామా రాశాను. కొత్తగా చేర్పించడానికి నేనే తీసుకొచ్చిన నలుగురు పిల్లలు పక్కన కూర్చుని చూస్తున్నారు. కారణం దగ్గర ఒకే వాక్యం రాశాను: ఈ ఇంటికి పిల్లలను పంపవద్దు.