మూడో పాటకు ముందు దగ్గు

మెదక్‌లో మా చర్చి గాయకబృందం పాడిన సీడీ ఒక్కటే మిగిలింది. దానిని కాపీ చేయించుకోవడానికి నా దగ్గరికి తెచ్చిన రిటైర్డ్ టీచర్ నా ఎదుటే కండువా అంచుతో గుండ్రంగా తుడిచారు. గీతలు పడడానికి అంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి లేదు.

"కాపీ కొట్టుడేగా బిడ్డా, మా బడిల పోరగాండ్లు రెండు నిమిషాల్ల కొడ్తుండిరి."

నేను ప్రతి పాటనూ కంప్యూటర్‌తో రెండుసార్లు చదివించి, ఒక్క బిట్టు తేడా లేదని సరిచూశాను. మూడో పాటకు ముందు ఎవరో దగ్గారు. నా నైపుణ్యం ఊరుకుంటుందా? దానిని కత్తిరించి కాపీ ఇచ్చాను.

ఆయన విని అడిగారు: "దగ్గేది?"

"తీసేసిన సార్."

"గది మా ఇంటామె దగ్గు. పాటలు అందరివి, గదొక్కటే ఆమెది. ఇప్పుడు ఆమె లేదు గదా."

మళ్ళీ కాపీ చేశాను, ఈసారి నైపుణ్యం లేకుండా.