బక్కయ్య తాత పట్టిన తప్పులు

లోకంలో ఎవరైనా పాట బాగుంటే వింటారు. లాల్‌గడి మలక్‌పేట్ బక్కయ్య తాత మాత్రం అందులో తప్పుంటేనే వింటాడు. అవీ మామూలు పాటలు కావు. ఎనభై, తొంభై ఏళ్ళ కిందట జర్మనీలోనో ఇంగ్లండులోనో నల్లకోట్లు తొడుక్కున్న వందమంది ఒకేసారి వాయించిన సంగీతం. ఆ వందమందిలో ఒకడు ఊదుతాడు చూడండి, నత్తగుల్లలా చుట్టలు తిరిగిన ఇత్తడి బూర, తాత చెవంతా దాని మీదే. వాడెప్పుడు జారతాడా అని రికార్డు ప్లేయరు ముందు పిల్లిలా కాచుకుని కూర్చుంటాడు. ఆ కాలంలో తప్పును కోసేసి అతికించే తెలివి ఇంకా రాలేదట. సభలో ఊదింది ఊదినట్టే రికార్డుకెక్కేది.

"జారిండు! జారిండే, జారిండు!"

ఆ కేకకు పాలు పితుకుతున్న తాత భార్య బాలనర్సమ్మ అవ్వ చేతిలో చెంబు ఎగిరిపడేది. బర్రె కాలు విదిలించేది.

"ఎవడు జారిండయ్యా? బాయిల వడ్డడా?"

"గా దొరనే! అంత పెద్ద దొర, పై సురం అందుకోవోయి కిర్రుమనిపిచ్చిండు!"

"నీ దొర పాడుగాను! పాలన్నీ నేల తాగింది."

నిజానికి అవ్వ దిగులు పాల గురించి కాదు, గోడ అవతలి ఇంటి గురించి. అక్కడ ఉండేది మన్నాన్. ఆర్మీ బ్యాండులో ఇరవై రెండేళ్ళు అదే బూర ఊది, రిటైరయ్యాక శామీర్‌పేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఊదేవాడు. ఏడు నెలల కిందట కీసరలో ఒక బరాత్‌లో అతని బూర జారింది. పెళ్ళికొచ్చిన కుర్రాళ్ళు దాన్ని ఫోన్లో పట్టి, వెనక మేక అరుపు కలిపి, ఊళ్ళన్నీ తిప్పారు. మన్నాన్ ఆ రోజే బూరను అటకెక్కించాడు. ప్రాణంలా దాచుకున్న రికార్డులన్నీ పాతసామాన్ల బండిలో పడేశాడు. వీధి చివర బండినాపి వాటిని దించుకున్నది బక్కయ్య తాతే. ఆనాటి నుంచి మన్నాన్ గడప దాటలేదు. ఎవరితోనూ మాట లేదు.

అలాంటి మనిషి చెవిలో రెండు పూటలా "జారిండు" అని కేకలు! పైగా స్పీకరు గోడవైపు తిప్పి మరీ. నలభై ఏళ్ళ దోస్తీ మట్టిపాలవుతోందని అవ్వకు తిండి సయించడం మానేసింది.

"సచ్చినోన్ని మళ్ళ సంపుతవా? గా డబ్బ ఇటు తిప్పు."

"బర్రెలు ఇన్నయి, సాలు. ఇగ గోడ ఇననీ."

అవ్వ చెంబెడు పాలు పట్టుకుని మన్నాన్ భార్య తాహెరా కాళ్ళావేళ్ళా పడడానికి పోయింది.

"నేనేం జెప్పాలె అక్కా, నేనే పరేషాన్ల ఉన్న," అంది తాహెరా. "మీ రికార్డు మొదలుగాంగనే కిటికీ మూస్తడు."

"మూసి?"

"మూసి ఆడనే నిలవడ్తడు. అయిపోయేదాంక."

అవ్వకు మొదటి మాటే మనసుకెక్కింది. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

మరునాడు సాయంత్రం తాత ఇంకో రికార్డు పెట్టాడు. నడుమ ఒకచోట బూర ఉన్నట్టుండి ముక్కు మూసుకుని పాడినట్టు జిర్రుమంది.

"జారిండు! గింత ఘోరం నేనెన్నడు ఇనలే! ఈనికి బూర పట్టుడే రాదు!"

అవతల కిటికీ ధడేలున తెరుచుకుంది.

"అబే గధే! జారలేదు రా అది! గట్లనే ఊదుమని రాసిండ్రు! చెయ్యి బూర లోపల వెట్టి, మూసి ఊదాలె!"

ఏడు నెలల తర్వాత మన్నాన్ గొంతు! 

"పోవయ్యా. తప్పును తప్పనక ఏమంటరు?" అన్నాడు తాత, చుట్ట వెలిగించుకుంటూ.

"ఆగు, సూపిస్త నీకు!"

అరవై ఆరేళ్ళ మనిషి లుంగీ ఎగ్గట్టి, బూర చంకనపెట్టి, గోడ మీది పిడకలన్నీ రాల్చుకుంటూ ఇవతలికి దూకాడు. దుమ్మైనా తుడవలేదు. కుడిచెయ్యి బూరలోకి దూర్చి ఊదాడు. అచ్చం రికార్డులోలాగే జిర్రుమంది. చెయ్యి సడలించాడు, కానీ ఆగలేదు. ఆ దొర వాయించిందంతా అందుకున్నాడు. మంచు కమ్మిన చెరువుకు ఆ ఒడ్డున నిలబడి ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నట్టుంది. బర్రెలు నెమరు ఆపాయి.

చివరి పై స్వరం దగ్గర, కిర్రు.

మన్నాన్ ముఖం నల్లబడింది. గోడ మీంచి చూస్తున్న తాహెరా కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత కష్టపడి వచ్చినవాడు మళ్ళీ లోపలికి పోతాడేమోనని అవ్వ తాత నోరు మూయడానికి లేచింది.

తాత చుట్ట నుసి దులుపుకున్నాడు. "ఏంది, అయిపోయిందా?"

"జారింది కదరా," అన్నాడు మన్నాన్ నేల చూస్తూ.

"ఏడ? నాకినవడలే."

"చెవిటోడా! మేడ్చల్ దాంక ఇనవడ్డది!" అంటూనే మన్నాన్‌కు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి పిడకల మీదే కూలబడ్డాడు. "పెదవి మొద్దువారింది రా. రేపు పొద్దుగాల మళ్ళ జూస్త."

అతను వెళ్ళాక అవ్వ తాతను నిలేసింది. "గా చెయ్యి వెట్టి ఊదుడు నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? ముప్పై ఏండ్ల కింద మన్నానే జెప్పిండు."

"మరి?"

"పెద్ద పెద్ద దొరలే జారిండ్రని ఏడు నెలలు నిజం జెప్పిన. లెవ్వలే. ఇయ్యాల ఒక్క అబద్ధం జెప్పిన. గోడ దునికిండు."

అవ్వ పొయ్యి దగ్గరికి పోయింది. తాతకు షుగరని రెండేళ్ళుగా ఆపిన చక్కెర, ఆ పూట చాయ్‌లో ఒకటిన్నర చెంచా వేసింది.