మెట్ల సందు శౌరమ్మ

పొద్దున్న ఆరున్నర అయ్యేసరికి కింద రోడ్డు మీద ఈల వినపడేది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. అంటే శౌరమ్మ తోపుడు బండి మా మెట్ల మొదట్లో ఆగిందన్నమాట.

1996లో నేను కాపురానికి వచ్చిన ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో కొండవాలు మీద ఉండేది. రోడ్డు నుంచి మా గుమ్మందాకా అరవై రెండు మెట్లు. వాటికి అటూ ఇటూ పద్దెనిమిది ఇళ్ళు. ఊళ్ళో చాలా వీధుల్లో ఎవరి చెత్త వాళ్ళే మూలనున్న కుండీలో పోసి వచ్చేవాళ్ళు. మా సందులో మాత్రం ఎవరు ఎక్కడ పోసినా, అది దొర్లుకుంటూ వెళ్ళి కిందింటి వాళ్ళ గుమ్మంలో పడేది. రోజూ పోట్లాటలే. అందుకని శౌరమ్మ ఇంటింటికీ ఎక్కేది. బండిని కింద వదిలి, గంప చంకన పెట్టుకుని పై ఇంటిదాకా వెళ్ళి, గుమ్మాల ముందు పెట్టిన బకెట్లు గంపలోకి వంపుకుంటూ దిగేది. గంప నిండితే భుజానికెత్తుకుని దిగి, బండిలో పోసి మళ్ళీ ఎక్కేది. మామూలు రోజుల్లో నాలుగుసార్లు. మామిడిపళ్ళ రోజుల్లో, తాటిముంజల రోజుల్లో ఆరుసార్లు.

అప్పటికి ఆమెకి నలభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కునేది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఇల్లు గుణదలలో. చీకటితో లేచి, నడిచి వచ్చి, మున్సిపాలిటీ మేస్త్రీ దగ్గర హాజరు మస్తరులో వేలిముద్ర వేసి బండి తీసుకునేది. చదువు రాదు.

మాది బట్టల వ్యాపారం. మామయ్య అంకమ్మరావుగారికి చేనేత చీరల కొట్టు ఉండేది. వాళ్ళ నాన్నగారి కాలందాకా మగ్గం మీద బతికిన కుటుంబం. ఇంట్లో మామయ్య, అత్తయ్య రాఘవమ్మ, మా ఆయన దేవేంద్ర, నేను. శౌరమ్మ మంచినీళ్ళు అడిగితే దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్ళం. కొత్తకోడల్ని, నేనూ అలాగే పోశాను. ఎవరూ నాకు నేర్పక్కర్లేకపోయింది. ఆమె ఏమీ అనుకున్నట్టు కనిపించేది కాదు. తాగి, తడిచేత్తో మెడ తుడుచుకుని, "చల్లగా ఉండండమ్మా" అని వెళ్ళిపోయేది.

నేను వచ్చిన కొత్తల్లో ఒకసారి మామయ్యకి జ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున్న శౌరమ్మ గుమ్మంలో ఆగి, "అయ్యగారికి తగ్గిందా అమ్మా?" అంది.

నేను ఆశ్చర్యపోయాను. "నీకెవరు చెప్పారు?"

"బ్రెడ్డు కాగితాలు, బత్తాయి తొక్కలు పడటం ఆగిపోయిందిగా."

అలా ఆమెకి అందరి సంగతులూ తెలిసేవి. ఎవరింట్లో చుట్టాలొచ్చారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో. కానీ ఒక గుమ్మంలో మాట ఇంకో గుమ్మంలో చెప్పగా నేను వినలేదు.

మరుసటేడు వేసవిలో అత్తయ్య బాగా నీరసించిపోయింది. ముఖం పాలిపోయింది. వంట మధ్యలో పీట మీద కూర్చుండిపోయేది. ఎండలకే అనుకున్నాం. తన బట్టలు తనే ఉతుక్కుంటానని పట్టుబడితే, నా మీద దయ అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్న నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద గుమ్మంలో శౌరమ్మ గొంతు వినపడింది.

"అమ్మగారూ, ఒక్కమాట."

పిట్టగోడ మీదుగా చూశాను. ఆమె చొక్కా భుజం మీద ఎర్రగా మరక ఉంది. అత్తయ్య ఆ మరక చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూట విడిపోయిందా? తప్పయిపోయింది శౌరమ్మా. రేపట్నుంచి ఇంకో నాలుగు పేపర్లు చుట్టి గట్టిగా కడతాను."

"కట్టడం గురించి కాదమ్మా నేనడిగేది. ఎన్నాళ్ళ నుంచి?"

అత్తయ్య వెనక్కి తిరిగి ఇంట్లోకి తొంగి చూసింది.

"నెలకి నాలుగు రోజులైతే నేనెందుకు అడుగుతానండీ? రోజూ పడతన్నాయి. మొదట పాత గుడ్డలు. తర్వాత దుప్పటి. ఇయ్యాల ఆవపిండి రంగు చీర. పోయిన దసరాకి మీరు కట్టుకుని ఈ గుమ్మంలోనే నిలబడ్డారు. అంత మంచి చీర చింపుకున్నారంటే ఇంట్లో ఇంక గుడ్డ మిగల్లేదనేగా?"

"నెమ్మదిగా మాట్లాడు. ఈ వయసులో ఇదేం ఖర్మ? ఎవరితో చెప్పుకోను? కొడుకుతోనా? మొన్నొచ్చిన పిల్లతోనా? అదే ఆగిపోతుందిలే."

"మా అక్క కూడా అట్టాగే అంది."

శౌరమ్మ గంప కింద పెట్టి, మెట్టు మీద కూర్చుంది. మా గుమ్మం ముందు ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"మా అక్క మాణిక్యం. కంకిపాడులో ఇచ్చాం. ఎవరికీ చెప్పకుండా ఏడాది దాచుకుంది. నాట్లు వేస్తా వేస్తా మడిలోనే కూలిపోయింది. గట్టు మీదకి తెచ్చేలోపే అయిపోయింది. ఉంటే మీ ఈడే." చెంగుతో ముఖం తుడుచుకుంది. "మా అమ్మాయి హెలెన్ మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు చేస్తంది. లేడీ డాక్టరే చూస్తారు. పదింటికి నా పని అయిపోద్ది. వస్తారా అమ్మగారూ?"

నేను తడిబట్ట చేత్తో పట్టుకునే కిందికి దిగాను. "నేను తీసుకొస్తాను శౌరమ్మా" అన్నాను. అత్తయ్య నా ముఖం చూడలేక తల దించుకుంది. నేనే ఆమె ముఖం చూడలేకపోవాల్సింది. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి దగ్గర వండుతూ, నాకు ఏమీ కనపడలేదు.

మామయ్య, మా ఆయన కొట్టుకి వెళ్ళాక ఇద్దరం బయల్దేరాం. ఇరవై మెట్లు దిగేసరికి అత్తయ్యకి కళ్ళు తిరిగాయి. అక్కడే కూలబడింది. ఏం చేయాలో తోచక నేను చుట్టూ చూస్తుంటే, కింద నుంచి శౌరమ్మ ఎక్కుతూ వచ్చింది. ఎక్కడో స్నానం చేసి చీర మార్చుకుంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

దగ్గరకొచ్చి చెయ్యి చాచింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"పట్టుకోమంటారా అమ్మగారూ?"

అత్తయ్య ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. "పట్టుకో శౌరమ్మా" అని బరువంతా ఆమె మీద వేసేసింది.

ఆసుపత్రిలో తెల్ల బట్టల్లో హెలెన్ ఎదురొచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు ఆ పిల్లకి. డాక్టరుగారు పరీక్షచేసి, "ఇంత రక్తం పోయాక ఈవిడ అసలు ఎలా నడిచారు?" అని మమ్మల్నే అడిగారు. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. ఆలస్యం చేయడానికి లేదు, ముందు రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయాలన్నారు.

కొట్టుకి కబురు చేశాం. మామయ్య చెప్పుల్లేకుండా వచ్చేశారు. రక్తం రెండు సీసాలు కావాలన్నారు. ఒకటి మా ఆయన ఇచ్చారు. మామయ్యది సరిపడలేదు. రెండోది శౌరమ్మ భర్త ఏసుపాదం ఇచ్చాడు. గూడ్స్ షెడ్డులో మూటలు మోస్తున్నవాడు విషయం వినగానే వచ్చి, ఎవరు ఏమిటని అడక్కుండా బల్ల మీద పడుకుని చెయ్యి చాచాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మామయ్య వరండాలో బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నారు. చాలాసేపటికి నాతో అన్నారు. "పక్క మంచం మీదే పడుకుంటున్నానమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. నాతో చెప్పుకోవచ్చని ఆవిడకి అనిపించలేదు చూడు."

ఆ బెంచీకి రెండో చివర శౌరమ్మ కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంటోంది.

గడ్డ చెడ్డది కాదని తేలింది. పదకొండో రోజున అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించి ఇంటికి తెచ్చాం.

మర్నాడు పొద్దున్న ఈల వినపడగానే నేను బకెట్టు గుమ్మంలో పెట్టబోతే, మామయ్య నా చేతిలోంచి తీసుకున్నారు. పంచె పైకి కట్టి మెట్లు దిగడం మొదలెట్టారు. సందంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

"అదేంటండీ అంకమ్మరావుగారూ! శౌరమ్మ పైకొస్తదిగా" అంది ఎదురింటావిడ.

"నాకూ కాళ్ళున్నాయిగా అమ్మా" అన్నారు మామయ్య, ఆగకుండానే.

కింద శౌరమ్మ కంగారుపడిపోయింది. "మీరెందుకండీ అయ్యగారూ? మేస్త్రీ చూస్తే నన్ను తిడతాడు."

"తిడితే నేను మాట్లాడతాలే. అయినా ఇకమీదట మా బకెట్టు కోసం నువ్వు ఎక్కొద్దు."

నెలరోజుల్లో ఏడిళ్ళ వాళ్ళు కిందికి తేవడం మొదలెట్టారు. తర్వాత ఇంకో మూడిళ్ళు. మిగతావాళ్ళు ఎప్పటికీ తేలేదు. వాళ్ళ కోసం ఆమె ఎక్కుతూనే ఉంది. కానీ గంప ఇదివరకటంత బరువు ఉండేది కాదు.

అత్తయ్య కోలుకున్నాక, పని అయిపోయే వేళకి రోజూ రెండు గ్లాసుల టీ పెట్టేది. ఒకేలాంటి గ్లాసులు. శౌరమ్మ మొదట్లో మెట్టు మీదే కూర్చునేది. "లోపలికి రా" అంటే, "ఒళ్ళు వాసనొస్తదండీ" అనేది. అప్పుడు అత్తయ్య కూడా వచ్చి మెట్టు మీదే కూర్చునేది. అలా ఓ ఏడాది గడిచాక, ఒక వానరోజున ఇద్దరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. అదే ఏడు పుట్టిన మా అమ్మాయి ప్రత్యూషకి మాటలు వచ్చాక ఆమెని శౌరమ్మ అమ్మమ్మ అనేది. నేను పిన్ని అనడం అప్పుడే అలవాటు చేసుకున్నాను.

హెలెన్ నర్సు అయింది. మైలవరంలో ఉద్యోగం, అక్కడే పెళ్ళి. ఏసుపాదం బాబాయి, ఆ తర్వాత మా మామయ్య, మూడేళ్ళ తేడాలో పోయారు. తోపుడు బండ్లు పోయి ఆటోలు వచ్చాయి. శౌరమ్మ పిన్ని రిటైరయింది. అయినా శుక్రవారం శుక్రవారం సిటీ బస్సెక్కి వచ్చేది. అత్తయ్యకి చేతులు పైకి లేవడం మానేశాక, తలదువ్వి జడవేసే పని ఆమెదే. ఇద్దరూ మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. మోకాళ్ళ నొప్పులు, కూరల ధరలు.

అత్తయ్య డెబ్బయ్ అయిదో ఏట, నిద్రలో పోయింది. కబురు విని పిన్ని ఆ అరవై రెండు మెట్లూ కర్ర పట్టుకుని, ప్రతి మలుపులో కూర్చుంటూ ఎక్కి వచ్చింది. తలవైపు కూర్చుని, చెదిరిన జుట్టు వేళ్ళతో సర్దింది. మా దూరపు చుట్టం ఒకావిడ నా చెవిలో "ఆవిడెవరు?" అని అడిగింది.

"మా పిన్ని" అన్నాను.

ఆ తర్వాత మేము ఆ ఇల్లు అమ్మి కింద అపార్టుమెంటులోకి మారాం. ఇప్పుడు ఆమెకి బస్సెక్కే ఓపిక లేదు కాబట్టి నేనే గుణదల వెళ్తుంటాను. పోయిన నెలలో వెళ్ళినప్పుడు నేను సపోటాలు ఒలిచి ఇస్తుంటే ఆమె ఉన్నట్టుండి అంది.

"వేణమ్మా, మీ అత్తగారికి ఒకటి చెప్పకుండా దాచాను. ఆ ఏడు, ఆ గుడ్డలు నేను మొదట చూసింది ఈస్టరుకి ముందు, ఏసు శ్రమల రోజుల్లో. అడిగింది మామిడికాయల్లో. రెండు నెలలు తెలిసీ ఊరుకున్నాను."

"ఎందుకు పిన్నీ?"

"భయమేసింది. 'మా ఇంటి చెత్త కెలుకుతావా' అంటారేమోనని. మేస్త్రీకి చెబితే పని పోద్దేమోనని. రోజూ మీ గుమ్మందాకా వచ్చి నోరు తెరిచేదాన్ని, మళ్ళీ మూసుకునేదాన్ని. ఆ రెండు నెలల్లో ఆమెకి ఏమన్నా అయితే ఆ పాపం నాదేగా. ఆమె టీ ఇచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేకపోయాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి ఇప్పటికీ గరుగ్గానే ఉంది.

"నువ్వు రెండు నెలలు ఆగావు పిన్నీ. ఒకే ఇంట్లో ఉండి కూడా, ఆరోజు నువ్వు అడిగేదాకా నాకు తెలియనే లేదు" అన్నాను.

ఆమె నా చేతిలోని సపోటా ముక్క తీసుకుని, సగం తుంచి నాకిచ్చి, సగం తను తింది.